ఒడ్డుకీ పాత సెంటర్‌కీ మధ్య ఆ రోడ్డు: నగర పాలకులకు బహిరంగ లేఖ

నగర పాలక మండళ్ళ పెద్దలకు నమస్కారం.

నది కానివ్వండి, సరస్సు కానివ్వండి, సముద్రం కానివ్వండి, నీటి ఒడ్డున వినోద కేంద్రం కట్టిన నగరాల పాలకులకూ, కట్టడానికి టెండర్లు పిలుస్తున్నవాళ్ళకూ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను వ్యాపారిని కాను. పాత సెంటర్ దుకాణాలకు చిట్టా, ఆవర్జాలు రాసే అకౌంటెంట్‌ని. 26 ఏళ్ళుగా ఇదే పని. వ్యాపారికి తన గల్లా పెట్టె ఒక్కటే కనిపిస్తుంది. నాకు ఒకే వీధిలో పక్కపక్కనున్న పదిహేను, ఇరవై కొట్ల లెక్కలు ఒకే బల్ల మీద కనిపిస్తాయి. ఎవరి కొట్టు వాళ్ళ చేతకానితనం వల్ల పడిపోతోందో, ఎవరిది వీధి మొత్తం పడిపోవడం వల్ల పడిపోతోందో అందుకే నాకు కాస్త ముందుగా తెలుస్తుంది.

ఒడ్డున కొత్త కేంద్రం తెరిచాక బిల్లు పుస్తకాల్లో నేను చూసింది ఇది. పగటి బేరానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. బ్యాంకు పని మీదో, ఆఫీసు పని మీదో వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు, కొంటూనే ఉన్నారు. సాయంత్రం ఆరున్నర దాటాక బిల్లులు పలచబడ్డాయి. శనివారం సాయంత్రాలు మరీ. కళ్ళజోళ్ళ షాపు, చెప్పుల కొట్టు, స్టేషనరీ, గిఫ్టు సామాన్లు, ఏ పుస్తకం తిరగేసినా అదే వరస. ఒకప్పుడు శనివారం ఒక్కరోజుకే నాలుగైదు పేజీలు నిండేవి. ఇప్పుడు ఒక పేజీలో సగం ఖాళీ. ఆ శనివారాల్లోనే ఒడ్డున పాటల కచేరీ, బాణసంచా. అక్కడికి వెళ్ళిన జనం ఆకాశం నుంచి ఊడిపడలేదు. మా వీధిలో తిరిగిన జనమే. ఒక కుటుంబానికి సరదాగా బయట తిరగడానికి వారంలో దొరికేది ఒక్క సాయంత్రం, చేతిలో ఉండేది అంతంతమాత్రం డబ్బు. ఆ సాయంత్రం చేతులు మారింది.

ఇంకొక కాలమ్ కూడా చూశాను. ఒడ్డు పనులు మొదలవుతున్నాయన్న వార్త పేపర్లో పడగానే పాత సెంటర్‌లో అద్దెలు పెంచారు. ఇక జనం విరగబడతారని యజమానుల ఆశ. అద్దె ముందు పెరిగింది, బేరం తర్వాత తగ్గింది. ఆ రెండింటి మధ్య నలిగిపోయి మూతపడిన కొట్ల ఆవర్జాలు నా బీరువాలో ఇంకా ఉన్నాయి.

ఇంతా చెప్పి ఒడ్డును కట్టొద్దని అడుగుతానేమో అనుకోకండి. నాకూ సాయంత్రం నీళ్ళ పక్కన నడవడం ఇష్టమే. గోడౌన్లు, తుప్పు పట్టిన షెడ్లు, మురుగు కంపు ఉన్నచోట పిల్లలు పరిగెడుతున్నారంటే సంతోషించని మనిషి ఎవరు? నా గోడంతా ఆ ఒడ్డుకీ మా మొదటి వీధికీ మధ్యనున్న రోడ్డు గురించి.

ఒక శనివారం రాత్రి వెళ్ళి ఆ సిగ్నల్ దగ్గర గంటసేపు నిలబడ్డాను. ఆరు వరసల రోడ్డు. అవతలి నుంచి మా వీధి మొగకు నడిస్తే నాలుగు నిమిషాలు పట్టదు. కానీ నడిచేవాళ్ళకు ఎర్ర దీపం రెండు నిమిషాల పైన వెలుగుతుంది, పచ్చ దీపం 18 సెకన్లు. నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకున్న ఒకాయన, ఆయన భార్య, వాళ్ళ వెంట మెల్లగా నడిచే ఒక పెద్దావిడ రోడ్డు మీదికి దిగారు. సగం దూరం వచ్చేసరికి దీపం మారిపోయింది. డివైడర్ మీద, అటూ ఇటూ లారీలు దూసుకుపోతుంటే, పెద్దావిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. వాళ్ళు ఇవతలికి చేరేదాకా నాకు ఊపిరాడలేదు. ఆ వెనకే ఇద్దరు కుర్రాళ్ళు అవతలి గట్టునే ఆగిపోయి మాట్లాడుకుంటున్నారు. రోడ్డు సద్దుమణిగిన క్షణంలో ఒకడి మాట నాకు స్పష్టంగా వినబడింది. “అటు ఏముందిరా?” రెండోవాడు మా వైపు ఒకసారి చూసి, “ఏమీ లేదు, ఆఫీసులు” అన్నాడు.

వాడిని నేను తప్పుపట్టలేదు. వాడు నిలబడిన చోటు నుంచి చూస్తే కనబడేది ఒక పార్కింగ్ బిల్డింగు వెనక గోడ, వెలగని ఒక వీధి దీపం. ఆ గోడ వెనక రెండు వందలకు పైగా కొట్లు ఉన్నాయని చెప్పే బోర్డు ఒక్కటి కూడా లేదు.

ఈ రోడ్డు సమస్య మా ఒక్కరిదే కాదు. నీటి ఒడ్డు ఒకప్పుడు ఓడలది, సరుకులది. అక్కడికి లారీలు పోవాలి కాబట్టి పెద్ద పెద్ద రోడ్లూ, ఫ్లైఓవర్లూ ఒడ్డు పొడుగునా వేశారు. ఓడలు వెళ్ళిపోయాయి, రోడ్లు మిగిలిపోయాయి. బోస్టన్‌లో 1959లో పూర్తయిన ఎత్తైన రహదారి డౌన్‌టౌన్‌ను రేవు నుంచి కోసేసింది. దాన్ని సొరంగంలోకి దించి, పైన తోటలు వేసి, 2008లో జనానికి తెరిచేదాకా ఆ కోత అలాగే ఉంది. సిడ్నీ వాళ్ళు 1988లో డార్లింగ్ హార్బర్‌ను కొత్తగా కట్టినప్పుడు ఊరి మధ్య నుంచి అక్కడికి మోనోరైలు వేశారు. 2013లో దాన్ని ఆపేసి, పట్టాలు పీకేశారు. తల మీదుగా బొమ్మ రైలు తిరిగినంత మాత్రాన కింద కొట్ల ముందు జనం నడవరు.

నేను ఎక్కువగా ఆలోచించేది శాన్‌ఫ్రాన్సిస్కో గురించి. 1989 అక్టోబరు భూకంపంలో ఒడ్డు పొడుగునా ఉన్న ఎంబార్కడెరో ఫ్లైఓవర్ దెబ్బతింది. బాగుచేయాలా, కూల్చాలా అని పెద్ద రగడ. కూలిస్తే ఒడ్డు ఊరికి దక్కుతుందని ఎక్కువమంది సంబరపడ్డారు. ఊళ్ళోని చైనీయుల పేట చైనాటౌన్ వ్యాపారులు మాత్రం వద్దని మొత్తుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వాళ్ళ కొనుగోలుదారులు కార్లలో వచ్చి దిగేది ఆ ఫ్లైఓవర్ మీది నుంచే. 1991లో దాన్ని కూల్చేశారు. అప్పటి మేయర్ ఆర్ట్ ఆగ్నోస్ ఆ ఏడాదే ఎన్నికల్లో ఓడిపోయారు, చైనాటౌన్ కోపం అందుకొక కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒడ్డు నిజంగానే అందంగా తయారైంది. పాత ఫెర్రీ బిల్డింగును బాగుచేసి 2003లో మార్కెట్‌గా తెరిచారు, జనం కిటకిటలాడుతున్నారు. మరి చైనాటౌన్? పోయిన రహదారికి బదులుగా తమకు రైలు కావాలని ఆ వ్యాపారులు పోరాడుతూనే వచ్చారు. ఆ పోరాటానికి ముందు నిలబడిన రోజ్ పాక్ 2016లో చనిపోయారు. రైలు 2022 నవంబరులో శని, ఆదివారాల్లో మాత్రమే నడవడం మొదలుపెట్టి, 2023 జనవరి నుంచి పూర్తిగా నడిచింది. చైనాటౌన్ స్టేషన్‌కు ఆవిడ పేరు పెట్టారు. భూకంపం నుంచి లెక్కేస్తే 33 ఏళ్ళు.

ఫ్లైఓవర్ కూల్చడం తప్పని నేను అనను. కానీ అభివృద్ధికి అడ్డుపడుతున్నారని ఎవరినైతే తిట్టారో, ఆ కొట్లవాళ్ళ భయం ఉత్తది కాదు. తమ బేరం ఏ దారిన వస్తోందో వాళ్ళకు బాగా తెలుసు. ఆ దారి మూస్తున్నప్పుడు, దానికి బదులు దారి ఏదని అడిగితే 33 ఏళ్ళ తర్వాత జవాబు దొరికింది. ఒక కొట్టు 33 ఏళ్ళు ఆగగలదా? అప్పు తెచ్చి నడిపేవాళ్ళు మూడు సీజన్లు ఆగడమే కష్టం. వడ్డీ కాలమ్ రాసే చెయ్యి నాది, అందుకే చెబుతున్నాను.

సియాటిల్ ఇంకొంచెం మెరుగ్గా చేసిందని నా అభిప్రాయం. అక్కడి పైక్ ప్లేస్ మార్కెట్ 1907 నాటిది. పునర్నిర్మాణం పేరుతో దాన్ని పడగొట్టబోతే 1971లో ఊరి జనం ఓటు వేసి నిలబెట్టుకున్నారు. మార్కెట్ గుట్ట మీద, ఒడ్డు దిగువన, మధ్యలో రెండంతస్తుల ఫ్లైఓవర్. 2019 జనవరిలో ఆ ఫ్లైఓవర్‌ను మూసేసి, తర్వాత కూల్చారు. 2024 అక్టోబరులో మార్కెట్ నుంచి నేరుగా ఒడ్డుకు దిగే నడకదారి తెరిచారు. మెట్లు, వాలు దారులు, కూర్చోవడానికి అరుగులు, అక్కడి నుంచి చూస్తే నీళ్ళు. వాళ్ళు ఒడ్డును బాగుచేసే ప్లాన్‌లోనే పాత మార్కెట్‌కు దారి గీసుకున్నారు, విడిగా తర్వాత చూద్దామని వదిలేయలేదు. ఆ పనుల ఖర్చులో 16 కోట్ల డాలర్లు చుట్టుపక్కల ఆస్తుల యజమానుల మీద పన్నుగా వేశారు, ఒడ్డు వల్ల మీ ఆస్తుల విలువ పెరుగుతుంది కాబట్టి కట్టండని. దాని మీద అక్కడా గొడవలు జరిగాయి. అయినా అందులో ఒక న్యాయం ఉంది. డబ్బు కట్టినవాడు నా దారి ఏదని అడగగలడు.

ఇక రెండో సంగతి. ఒడ్డుకు ఒక్కడే యజమాని ఉంటాడు. మా వీధికి వంద మంది.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే విషయం బోధపడుతుంది. బోస్టన్‌లో పాత క్విన్సీ మార్కెట్‌ను 1976లో కొత్త హంగులతో తెరిచినవాడు జేమ్స్ రౌస్. అంతకు ముందు ఆయన ఊళ్ళ బయట షాపింగ్ మాల్స్ కట్టి పేరు తెచ్చుకున్నాడు. 1980 జూలైలో బాల్టిమోర్‌లో హార్బర్‌ప్లేస్ తెరిచిందీ ఆయన కంపెనీయే. దాన్ని కట్టాలా వద్దా అని అక్కడ 1978లో ప్రజల ఓటుకే పెట్టారు. చుట్టుపక్కల పేటల చిన్న వ్యాపారులు వద్దన్నారు, కట్టాలన్న పక్షమే గెలిచింది. మాల్ నడిపే కిటుకులన్నీ ఆయన ఒడ్డుకు తెచ్చాడు. ఏ దుకాణం పక్కన ఏ దుకాణం ఉండాలో ఒకరే నిర్ణయిస్తారు. అందరూ ఒకే వేళకు తెరుస్తారు, ఒకే వేళకు మూస్తారు. ఊడ్చేవాళ్ళు, కాపలావాళ్ళు, దీపాలు, మరుగుదొడ్లు, ప్రకటనలు అన్నీ ఉమ్మడి ఖర్చు. బేరం బాగున్న దుకాణం నుంచి అమ్మకంలో శాతం అద్దెగా తీసుకుంటారు కాబట్టి, యజమానికీ బేరం పెరగాలనే ఉంటుంది.

మా వీధిలో యజమానికి నెల అద్దె వస్తే చాలు. ఒకాయన కొట్టు రెండేళ్ళుగా తాళం వేసి ఉంచాడు, ఎక్కువ అద్దె ఇచ్చేవాడు దొరికేదాకా ఆగుతాడట. ఆ ఒక్క మూసిన షట్టర్ ముందు చెత్త పోగుపడుతుంది. రాత్రి అటుగా నడవడానికి ఆడవాళ్ళు జంకుతారు, పక్కనున్న రెండు కొట్లూ ఈగలు తోలుకుంటాయి. ఈ నష్టం ఎవరి ఆవర్జాలోనూ రాయలేని నష్టం. ఒక సంగతి చెబితే చిన్నదనిపిస్తుంది గానీ, సాయంత్రం మా వీధికి వచ్చినవాళ్ళు కొట్టువాళ్ళను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ధర గురించి కాదు. బాత్రూమ్ ఎక్కడండీ అని. దానికి జవాబు చెప్పలేక కొట్టువాళ్ళు చెయ్యి ఒడ్డు వైపు చూపిస్తారు. చంటిపిల్లతో ఉన్న తల్లి ఆ రోడ్డు దాటి అటు వెళ్ళాక, మళ్ళీ దాటి ఇటు వస్తుందా?

దీనికి మందు లేకపోలేదు. టొరంటోలో 1960ల చివర బ్లూర్ వీధి కింద సబ్‌వే వచ్చింది. ట్రామ్‌లో కిటికీలోంచి కొట్లు చూస్తూ వెళ్ళే జనం భూమి కిందికి దిగిపోయారు. మరోపక్క మాల్స్. బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు స్వచ్ఛందంగా చందాలు వేసుకుంటే కొందరు ఇచ్చారు, కొందరు ఎగ్గొట్టి ఫలితం మాత్రం అనుభవించారు. అప్పుడు వాళ్ళు చట్టం మార్పించుకున్నారు. 1970 నుంచి ఆ వీధిలో వ్యాపారం చేసే ప్రతి ఒక్కరి దగ్గరా నగరమే పన్నుతో పాటు కొంత వసూలు చేసి, ఆ వీధి వ్యాపారుల సంఘానికి తిరిగి ఇస్తోంది. దీపాలు, బెంచీలు, పూలకుండీలు, పండగలు, అన్నీ ఆ డబ్బుతోనే. తర్వాత ఈ పద్ధతి దేశదేశాలకూ పాకింది. వంద మంది యజమానులున్న వీధి, ఆ ఒక్క పనికైనా ఒకే యజమానిలా మెలగడం అంటే ఇదే. ఇలాంటి సంఘం పెట్టుకోవడానికి మీరు అనుమతి ఇవ్వాలి, వసూలు మీరు చేసిపెట్టాలి. మాకై మేము చేసుకోలేని పని అది.

పార్కింగ్ మాట కూడా ఎత్తక తప్పదు. ఒడ్డున మొదటి మూడు గంటలు ఉచితం చేసి, పాత సెంటర్‌లో మీటర్లు పెట్టడం చాలా చోట్ల చూస్తున్నదే. ఇది తక్కెడలో ఒక పక్క చెయ్యి ఆన్చడం. అలాగని ఇక్కడా ఉచితం చేయమని నేను అడగను. ఉచితం చేస్తే పొద్దున్నే కొట్టు యజమానులూ, పనివాళ్ళూ బళ్ళు పెట్టేసి రాత్రిదాకా తీయరు. కాలిఫోర్నియాలో ఓల్డ్ పాసడెనాలో సరిగ్గా ఇదే జరిగేది. అయినా మీటర్లు పెడితే కొనేవాళ్ళు రారని అక్కడి వ్యాపారులు రెండేళ్ళ పాటు అడ్డుపడ్డారు. మీటర్ల మీద వచ్చే డబ్బు మీ వీధికే ఖర్చు పెడతామని నగరం మాట ఇచ్చాక ఒప్పుకున్నారు. 1993లో గంటకు ఒక డాలరు పెట్టారు. ఆ డబ్బుతో కాలిబాటలు, చెట్లు, దీపాలు, సందులు బాగుపడ్డాయి. పాడుబడ్డ పేట మళ్ళీ కళకళలాడింది. మీటరు పెట్టండి, ఒడ్డునా ఇక్కడా ఒకే రేటు పెట్టండి, ఇక్కడ వసూలైంది ఇక్కడే పెట్టండి.

మావాళ్ళ తప్పు కూడా దాచను. ఒడ్డు మీద జనం విరగబడే వేళకు మా వీధిలో షట్టర్లు దించేస్తారు. ఎందుకండీ అంటే జనం రారు కదా అంటారు. కొట్లు మూసి ఉంటే జనం ఎందుకు వస్తారు? ఆ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి. వారానికి ఒక్క రాత్రి పది దాకా తెరుద్దామని నేను ఇంటింటికీ తిరిగి అడిగాను. ముప్ఫై మంది సరేనన్నారు, ఆ రాత్రి తెరిచింది తొమ్మిది కొట్లు. అందులో నాలుగు మళ్ళీ తెరవలేదు. ఆ తొమ్మిదిలో ఒక గడియారాల రిపేరు కొట్టు ఉంది. బిల్లు పుస్తకంలో ఆ రాత్రి ఎనిమిదిన్నర తర్వాత రాసిన బిల్లులు మూడున్నాయి. మూడూ ఒడ్డు నుంచి దారి తప్పి వచ్చినవాళ్ళవేనని ఆయన నాకు చెప్పాడు, ఇక్కడ ఇలాంటి కొట్టుందని తెలియదే అన్నారట. మూడు బిల్లులు చూసి మురిసిపోతున్నానని నవ్వుకోకండి. దారి తప్పితేనే ముగ్గురు వచ్చారు.

పాత సెంటర్ పాడైతే ఏమైంది, ఒడ్డు ఉందిగా అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. ఆ ఒడ్లకూ ఆయుష్షు ఉంది. అమెరికాలోనే టొలీడోలో పోర్ట్‌సైడ్ అనే ఒడ్డు బజారు 1984లో తెరిచారు, 1990లో మూసేశారు. జాక్సన్‌విల్ ల్యాండింగ్ 1987లో మొదలైంది, 2019, 2020లో పడగొట్టేశారు. అంత పేరున్న బాల్టిమోర్ హార్బర్‌ప్లేస్ 2019లో కోర్టు నియమించిన అధికారి చేతికి వెళ్ళింది, దాన్ని మళ్ళీ కట్టడానికి 2024 నవంబరులో జనం ఓటు వేయాల్సి వచ్చింది. ఈలోగా అదే ఊళ్ళో హోవర్డ్ వీధిలోని పెద్ద దుకాణాలు ఒక్కొక్కటే పోయాయి. కొన్ని ఒడ్డు తెరవక ముందే పోయాయి, శివార్ల మాల్స్ దెబ్బకి. వాటిలో ఒకటైన హట్జ్‌లర్స్‌ను 1989లో మూసేశారు. ఒడ్డే అన్నిటికీ కారణమని నేను అబద్ధమాడను. కానీ ఒడ్డు మీద పెట్టిన ఆశల్లో పాత వీధిని ఎవరూ చూడలేదు, ఒడ్డు వెలవెలబోయిన రోజున ఆసరాకు ఆ వీధి లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో. 1921 వరదల్లో ఊరు మునిగితే, ఊరి మధ్య నది వంపును కప్పేసి మురుగుకాల్వ చేద్దామన్నారు. కాపాడుకుందామని కొందరు పట్టుబట్టారు. 1929లో రాబర్ట్ హగ్‌మన్ అనే ఆర్కిటెక్టు ప్లాన్ గీసి ఇచ్చాడు, 1939, 1941 మధ్య పనులు జరిగాయి. అక్కడ నది వీధికి ఒక అంతస్తు కింద పారుతుంది, వంతెనల దగ్గర మెట్లు. మెట్లు ఎక్కితే డౌన్‌టౌన్, దిగితే నీళ్ళు. అందరి ఊళ్ళలోనూ నది అంత దగ్గర పారదు, నాకు తెలుసు. మెట్లు మాత్రం ఎవరైనా కట్టుకోవచ్చు.

కాబట్టి నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. ఒడ్డున వచ్చే ఏడాది బాణసంచాకు డబ్బు మంజూరు చేసే ముందు ఆ సిగ్నల్‌ను బాగుచేయండి. పెద్దావిడ నడక వేగానికి సరిపడేలా పచ్చ దీపం ఉంచండి. కచేరీ రాత్రుల్లో ఆ రోడ్డును బళ్ళకు రెండు గంటలు మూసేయండి. పార్కింగ్ బిల్డింగు గోడ మీద మా వీధుల పటం పెద్దగా వేయించండి, దీపాలు పెట్టించండి, ఇవతల ఒక మంచి మరుగుదొడ్డి కట్టించండి. ఒడ్డు కమిటీలో పాత సెంటర్ కొట్లవాళ్ళకు రెండు కుర్చీలు ఇవ్వండి, అదీ ప్లాన్ గీసే దశలోనే. ఒడ్డుకు ఎంతమంది వచ్చారో ఇప్పుడు మీరు లెక్కపెట్టి గొప్పగా ప్రకటిస్తున్నారు. ఆ రోడ్డు దాటి ఇటు ఎంతమంది వచ్చారో కూడా లెక్కపెట్టండి. ఆ అంకె నెలనెలా ఊరికి చెప్పండి. నాకు కావలసిన లెక్క అదొక్కటే.

ఏ శనివారమైనా సరే, రాత్రి తొమ్మిదికి మీ సిగ్నల్ దగ్గరికి రండి. కారు దూరంగా వదిలేసి, ఇంట్లో పెద్దవాళ్ళను ఎవరినైనా వెంట తీసుకుని ఒకసారి దాటి చూడండి. మా గడియారాల కొట్టాయన ఆ రాత్రి పది దాకా తెరిచి ఉంచుతానన్నాడు.

ఇట్లు,
పాత సెంటర్ కొట్ల లెక్కలు రాసే ఒక అకౌంటెంట్